కథ ఎవరి కళ్లతో, కత్తి ఎవరి చేతిలో: ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ గేముల్లో దృక్కోణం, పోరాటం (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు ఒక దృశ్యం చూద్దాం. 2002లో వచ్చిన మోరోవిండ్ అనే గేమ్. ఆట మొదలై ఎంతోసేపు కాలేదు. ఎదురుగా ఒక ఎలుక, కుక్కపిల్లంత ఉంటుంది. మీ చేతిలో కత్తి. మీ కళ్లముందే ఆ కత్తి ఎలుక ఒంట్లోంచి ఇటు నుంచి అటు దూసుకుపోతుంది. ఎలుకకి చీమ కుట్టినట్టయినా ఉండదు. మళ్లీ కొడతారు, మళ్లీ అంతే. నాలుగోసారికి ఎక్కడో తగులుతుంది.

ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. లోపల పాచికలు పడుతున్నాయి. ఆ ఆయుధంలో మీ నైపుణ్యం ఎంత, చురుకుదనం ఎంత, అదృష్టం ఎంత, ఓపిక ఎంత మిగిలింది, ఇవన్నీ కలిపి గురి శాతం లెక్కేస్తున్నారు. మీరేమో ఊరి నుంచి ఇక్కడిదాకా పరుగెత్తుకుంటూ వచ్చారు. ఓపిక బార్ ఖాళీ. ఉన్న గురి కాస్తా ఇంకా పడిపోయింది.

ఇలాంటి పాచికలే 1998 నాటి బాల్డర్స్ గేట్‌లోనూ పడ్డాయి. అక్కడ ఎవరికీ కోపం రాలేదు. ఎందుకంటే కెమెరా ఆకాశంలో ఉంది, బొమ్మ బొటనవేలంత ఉంది. కత్తి ఊపింది, తగల్లేదు అంటే నమ్మేస్తాం. మోరోవిండ్‌లో కెమెరా మీ కళ్లలో పెట్టారు. కళ్లు తగిలిందన్నాయి, లెక్క తగల్లేదంది. 2006లో ఆబ్లివియన్ వచ్చేసరికి అదే కంపెనీ పద్ధతి మార్చింది. కత్తి తగిలితే తగిలినట్టే. నైపుణ్యం తక్కువైతే దెబ్బ చిన్నదవుతుంది. నన్నడిగితే పాచికలు తీసేయకుండానే సగం సమస్య తీరేది. ఎలుక పక్కకి దూకే యానిమేషన్ ఒకటి పెట్టి, "తగల్లేదు" అన్న లెక్క వచ్చినప్పుడు దాన్ని ఆడిస్తే చాలు. తప్పు నాది కాదు, ఎలుకది అనుకుంటాం.

కెమెరా ఎక్కడుంది, కథ ఎవరు చెబుతున్నారు, పోరాటం ప్లేయర్‌ని ఏం అడుగుతోంది అనేవి ఒకే ప్రశ్నకి మూడు ముక్కలు. స్టూడియోల్లో మాత్రం వీటిని మూడు బృందాలు మూడు గదుల్లో తేలుస్తాయి. అతుకులన్నీ అక్కడే ఊడతాయి.

మాటల దగ్గర ఒక చిన్న తికమక ఉంది, దాన్ని ముందే వదిలించుకుందాం. ఫస్ట్ పర్సన్‌ని "ప్రథమ పురుష" అని రాసేవాళ్లు కనిపిస్తుంటారు. మన వ్యాకరణంలో ప్రథమ పురుష అంటే అతను, ఆమె, అది. "నేను" ఉత్తమ పురుష, "నువ్వు" మధ్యమ పురుష. కాబట్టి ఫస్ట్ పర్సన్ కెమెరా ఉత్తమ పురుష, భుజం వెనక కెమెరా ప్రథమ పురుష. ఇంకో సంగతి, కెమెరా పురుష వేరు, కథ చెప్పే పురుష వేరు. రెండూ ఒకటే కానక్కర్లేదు. 2011 నాటి బాస్టియన్‌లో కెమెరా పైన ఉంటుంది, ఒక ముసలాయన గొంతు మాత్రం మీరు చేసే పనినల్లా ఎప్పుడో జరిగిపోయిన కథలా చెబుతూ ఉంటుంది. మీరు గోడలన్నీ పగలగొడుతుంటే దాని మీదా ఒక మాట అంటాడు. ఆట మధ్యలో ఆగదు, కథ మధ్యలో ఆగదు.

ఇదే భూతకాలం ఇంకోచోట ఎదురుతన్నింది. బాల్డర్స్ గేట్ 3ని 2020 మొదట్లో జనానికి చూపించినప్పుడు సంభాషణలో మనం ఎంచుకునే జవాబులు భూతకాలంలో ఉండేవి. "తలుపు తెరవమని అడిగాను" అన్న ధోరణిలో. జరిగిపోయిన సాహసాన్ని ఎవరో తలుచుకుంటున్నారన్నది ఉద్దేశం. చూసినవాళ్లకి నచ్చలేదు, తర్వాత మార్చేశారు. ఇప్పుడు వ్యాఖ్యాత "నువ్వు" అంటూ వర్తమానంలో చెబుతుంది. బాస్టియన్‌లో కుదిరింది ఇక్కడెందుకు కుదరలేదు? బాస్టియన్‌లో మీరు ముందు చేస్తారు, ముసలాయన తర్వాత చెబుతాడు. ఇక్కడ ఇంకా ఎంచుకోనేలేదు, వాక్యం అప్పుడే "అడిగాను" అంటోంది. పైగా ఆ ఎంపిక తర్వాత ఇరవై ముఖాల పాచిక దొర్లబోతోంది. ఫలితం తేలని పనికి భూతకాలం అతకదు.

మధ్యమ పురుషని తెలుగులో రాసేవాళ్లకి ఇంకో తంటా ఉంది. వ్యాఖ్యాత ప్లేయర్‌ని "నువ్వు" అనాలా, "మీరు" అనాలా? "నువ్వు" అంటే గొంతు దగ్గరగా వినిపిస్తుంది, అంతరాత్మలా. "మీరు" అంటే ప్రకటనలా ఉంటుంది. ఏదో ఒకటి తేల్చుకుని మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా దానికే కట్టుబడండి. అనువాదకులు నలుగురుంటే నాలుగు రకాలుగా వస్తుంది, తర్వాత సరిచేయడం నరకం.

సరే, పోరాటంలోకి దిగుదాం. ఇక్కడ అంకెలు కావాలి.

సెకనుకి 60 ఫ్రేములు నడిచే ఆటలో ఒక ఫ్రేము, అంటే తెర మీద పడే ఒక్క బొమ్మ, 16.7 మిల్లీసెకన్లు. తెర మీద ఏదో కదిలిందని చూసి బటన్ నొక్కడానికి మనిషికి దాదాపు 250 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే 15 ఫ్రేములు. అదీ ఏం వస్తుందో, ఏం నొక్కాలో ముందే తెలిస్తే. "ఇది అడ్డంగా వచ్చే దెబ్బా, పైనుంచి పడేదా, దొర్లాలా, డాలు ఎత్తాలా" అని తేల్చుకోవాల్సి వస్తే 400 దాటుతుంది, 24 ఫ్రేములు. దాని మీద కంట్రోలర్, టీవీ కలిసి తినేసే ఆలస్యం ఇంకో మూడు నుంచి ఆరు ఫ్రేములు. కాబట్టి శత్రువు కత్తి ఎత్తిన క్షణం నుంచి దెబ్బ పడే క్షణం వరకు 30 ఫ్రేముల కంటే తక్కువ ఉంటే ఆ దాడిని చూసి, తేల్చుకుని తప్పించుకోవడం చాలామందికి కుదరదు. కంఠతా పట్టి తప్పించుకోవాల్సిందే. అది మీ ఉద్దేశమైతే సరే. కాకపోతే సరిచేయండి.

మొదలుపెట్టడానికి పనికొచ్చే లెక్క ఒకటి చెబుతాను. మామూలు కత్తి సైనికుడు. కత్తి ఎత్తడానికి 36 ఫ్రేములు, దెబ్బ తగిలే ఫ్రేములు 4, కత్తి దించి మళ్లీ కుదురుకోవడానికి 40. ప్లేయర్ చిన్న దెబ్బ మొదటి నుంచి చివరికి 30 ఫ్రేములు, దొర్లడం 30, అందులో ఏ దెబ్బా తగలని ఫ్రేములు 12. ఇప్పుడు చూడండి. సైనికుడి 40లో ప్లేయర్ ఒక దెబ్బ వేసి వెనక్కి రావచ్చు. రెండో దెబ్బకి ఆశపడితే 60 ఫ్రేములవుతాయి. ఆ 20 ఫ్రేముల అప్పు సైనికుడి తర్వాతి 36లోంచి తీరాలి, మిగిలేది 16. చూసి తప్పించుకోవడానికి చాలవు. ఆశకి శిక్ష పడింది, ఎందుకు పడిందో కూడా తెలిసింది. ఆ 40ని 70 చేశారనుకోండి, రెండు దెబ్బలు హాయిగా పడతాయి, సైనికుడు దద్దమ్మలా కనిపిస్తాడు. ఒక్క అంకె మారితే పాత్ర స్వభావం మారిపోయింది. కథ రాసేవాళ్లు ఈ పట్టిక దగ్గర కూర్చోవాలని గట్టిగా చెప్పేది ఇందుకే.

కత్తి ఎత్తడం కూడా ఒక సంభాషణే. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్‌లో మార్గిట్ అనే శత్రువుని చూడండి. కర్ర పైకెత్తి, కొట్టకుండా పట్టుకుని నిలబడతాడు. భయపడి ముందే దొర్లినవాణ్ని లేచేటప్పుడు కొడతాడు. అతని గురించి ఎవరూ ఒక్క మాట చెప్పకపోయినా వీడు ఇలాంటివాళ్లని చాలామందిని చూశాడని అర్థమవుతుంది. ఒక షరతు మాత్రం ఉంది. ఆగిన కర్ర మళ్లీ కదలడం మొదలయ్యే క్షణం స్పష్టంగా తెలియాలి. భుజం కదలిక, మూలుగు, ఏదో ఒకటి. అది లేకుండా ఆపితే అనుభవం కనిపించదు, మోసం కనిపిస్తుంది.

ఈ అంకెలన్నీ కెమెరా చూపించగలిగితేనే. ఉత్తమ పురుష కెమెరాలో అడ్డంగా 90 డిగ్రీలు కనిపిస్తాయి అనుకుందాం. మిగిలిన 270 డిగ్రీలు చీకటి. వెనక ఉన్నవాడు 36 ఫ్రేములు కాదు, 360 ఫ్రేములు కత్తి ఎత్తి నిలబడ్డా మీకు తెలియదు. భుజం వెనక నాలుగైదు మీటర్ల దూరంలో ఉన్న కెమెరాకి ఈ బాధ తక్కువ, మీ వెనక ఓ రెండు మూడు మీటర్లు కూడా కనిపిస్తుంది. అందుకే గుంపుతో యుద్ధం ప్రథమ పురుషలో పండుతుంది, ఒకడితో ఒకడు తలపడే యుద్ధం ఉత్తమ పురుషలో పండుతుంది. ఉత్తమ పురుషలో ఇంకో ఇబ్బంది దూరం. కత్తి మొన ఎదుటివాడికి అందుతుందో లేదో కంటికి ఆనదు. దెబ్బ నొక్కినప్పుడు ప్లేయర్‌ని అర మీటరో, ముప్పావు మీటరో ముందుకు లాగి, హిట్‌బాక్స్‌ని (దెబ్బ తగిలిందని ఆట లెక్కేసే, కంటికి కనిపించని ప్రాంతాన్ని) కత్తి బొమ్మ కంటే కాస్త వెడల్పుగా పెట్టాలి. ఎవరూ గమనించరు. పెట్టకపోతే అందరూ గమనిస్తారు.

గుంపు విషయానికి వస్తే, చుట్టూ ఆరుగురు ఉంటే ఆరుగురూ ఒకేసారి కొట్టకూడదు. ఒకడు కొడుతుంటే మిగతావాళ్లు చేతులు కట్టుకున్నా బాగోదు. 2012 నాటి కింగ్‌డమ్స్ ఆఫ్ అమలుర్‌లో దీనికి బరువుల పద్ధతి వాడారు. సూత్రం తేలికే. ఒక్క క్షణంలో ప్లేయర్ మీదికి వచ్చే దాడులకి మొత్తం బరువు, ఉదాహరణకి 3, అని పెట్టుకోండి. చిన్న జంతువు కాటు 1, విలుకాడి బాణం 1, కత్తివాడు 2, రాక్షసుడు 3. బరువు మిగిలినవాడికే కొట్టే అనుమతి. రాక్షసుడు గద ఎత్తాడంటే మిగతావాళ్లు చుట్టూ తిరుగుతారు, అరుస్తారు, దారి మూస్తారు, కొట్టరు. ఇప్పుడు దీనికి కెమెరాని కలపండి. తెర మీద లేనివాడి దాడికి బరువు రెట్టింపు చేయండి, కత్తి ఎత్తే సమయానికి 12 ఫ్రేములు కలపండి, ముందు ఒక అరుపు వినిపించండి. అలా చేయకపోతే ఏమవుతుందంటే, ప్లేయర్ గోడకి వీపు ఆనించి మూలన నిలబడతాడు. అప్పుడు కెమెరా గోడలో ఇరుక్కుంటుంది. మీరు కట్టిన విశాలమైన మైదానం వృథా, యుద్ధమంతా ఆ మూల రెండు మీటర్లలో.

అరుపు అన్నాను కదా, తెలుగు డైలాగులు రాసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. "నీ వెనకాల ఉన్న విలుకాడు బాణం వేస్తున్నాడు" అని నేస్తం అరిచాడనుకోండి. పదిహేడు అక్షరాలు, గబగబా పలికినా దాదాపు రెండు సెకన్లు. ఏం జరుగుతోందో తెలిసేది చివరి మాటకి. బాణం ఈలోపు దిగిపోయింది. "వెనక! బాణం!" అయిదు అక్షరాలు, సెకను లోపే. ముందు దిక్కు, తర్వాత ప్రమాదం. పేరూ, వరుసా, మర్యాదా యుద్ధం అయ్యాక.

పెద్ద బాస్‌ల దగ్గర, అంటే ఒక ఘట్టం చివర ఎదురయ్యే భారీ శత్రువుల దగ్గర, భుజం వెనక కెమెరా కూడా చేతులెత్తేస్తుంది. పది మీటర్ల డ్రాగన్ కింద నిలబడి తలని లాక్ చేస్తే, అంటే చూపు దాని మీదే నిలిచేలా పెడితే, కెమెరా నేలకి ఆనుకుని ఆకాశం చూపిస్తుంది. లాక్ చేయకపోతే కాలిగోళ్లు కనిపిస్తాయి. తల, రొమ్ము, కాళ్లు విడివిడిగా లాక్ అయ్యేలా చేయండి, కెమెరాని మామూలు కంటే ఒకటిన్నర, రెండు రెట్లు వెనక్కి తీయండి. అన్నిటికంటే ముఖ్యం, తల చేసే దాడికి కాళ్ల దగ్గర కూడా ఒక గుర్తు ఉండాలి. నిప్పు ఊదే ముందు ముందరికాళ్లు నేలలో దిగబడాలి, పొట్ట ఉబ్బాలి.

పైనుంచి చూసే కెమెరా, వంతులవారీ పోరాటం. ఇక్కడ అందరూ, అన్నీ కనిపిస్తాయి. ముఖాలు తప్ప. చేతివేగాన్ని ఎవరూ అడగరు, అడిగేది నిర్ణయాన్ని. నిర్ణయం అంటే అంకెల మీద నమ్మకం. బాల్డర్స్ గేట్ 3లో ఇరవై ముఖాల పాచికకి +5 కలిపి, శత్రువు కవచం 15ని అందుకోవాలంటే పాచిక 10 గానీ ఆపైన గానీ పడాలి. 55 శాతం. గుట్ట ఎక్కి బాణం వేస్తే +2, అది 65 అవుతుంది. అనుకూలత దొరికి రెండు పాచికలు వేసి పెద్దది తీసుకుంటే, ఉన్న 55 కాస్తా దాదాపు 80. గుట్ట కంటికి కనిపిస్తోంది కాబట్టి ఆ లెక్కకి అర్థముంది. గుట్ట కనిపించని కెమెరాలో ఎత్తుకి లాభం పెట్టకండి.

కానీ మనిషి మెదడు శాతాల్ని సరిగా చదవదు. 90 శాతం అంటే తప్పకుండా తగులుతుందనే అనుకుంటుంది. ఫైర్ ఎంబ్లెమ్ వాళ్లు 2002లో వచ్చిన ఆరో భాగం నుంచి, ఆ తర్వాతి చాలా భాగాల్లో, దీనికి ఒక ఉపాయం పన్నారు. దెబ్బ తగిలిందో లేదో తేల్చడానికి లాటరీలా ఒక అంకె బదులు రెండు అంకెలు తీసి సగటు చూస్తారు, అది తెర మీది శాతం కంటే తక్కువైతే తగిలినట్టు. తెర మీద 90 అంటే నిజంగా 98. 30 అంటే నిజంగా 18. అబద్ధమే. ప్లేయర్‌కి అనుకూలంగా ఉన్న అబద్ధం కూడా కాదు, శత్రువుకీ అదే లెక్క. కాకపోతే ప్లేయర్ చేతిలో పెద్ద శాతాలు, శత్రువుల చేతిలో చిన్న శాతాలు ఉంటాయి కాబట్టి చివరికి లాభం మనదే. ఆ సిరీస్ అసలు పద్ధతిలో చచ్చిన సైనికుడు మళ్లీ రాడు. పేరూ, కథా ఉన్న మనిషి తిరిగిరాకుండా పోయే ఆటలో అంకె మనసుకి తోచినట్టే నడవాలి, లేకపోతే చావుకి దుఃఖం రాదు, ఆట మీద కోపం వస్తుంది.

చావు మాట వచ్చింది కాబట్టి కాసేపు ఇక్కడే ఆగుదాం. పోరాటంలో పడిపోయినవాణ్ని లేపే వస్తువు జేబులో ఉంటుంది. కథలో ఒకరు చనిపోతారు. "జేబులో తొంభై తొమ్మిది ఉన్నాయిగా, వాడొచ్చుగా?" 1997లో ఫైనల్ ఫాంటసీ 7లో జట్టులోని ఎయిరిస్ చనిపోయినప్పటి నుంచి ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. నాకు అంతకంటే ముందుది, 1992 నాటి అయిదో భాగం, ఎక్కువ నచ్చుతుంది. జట్టులోని గాలఫ్ ఒంటరిగా పోరాడుతుంటాడు. ప్రాణం అంకె సున్నా అవుతుంది. పడిపోడు. సున్నా మీదే పోరాడతాడు. మీకు తెలిసిన నియమం మీ కళ్లముందే విరిగింది. యుద్ధం ముగిశాక మిత్రులు అతని మీద వైద్య మంత్రం వేస్తారు, లేపే ఈకలు వాడతారు, అమృతం పోస్తారు. మెనూలో మీరు రోజూ వాడే వస్తువులే. ఏదీ పనిచేయదు. అడగబోయే ప్రశ్నని కథే ముందు అడిగేసింది. ఇంత చేయలేకపోయినా ఒక పని చేయండి. చావు సన్నివేశం రాయకముందే పోరాటంలో సున్నా అంటే ఏమిటో తేల్చండి. స్పృహ తప్పడమా, ప్రాణం పోవడమా? స్పృహ తప్పడమే అయితే ఆ వస్తువు పేరులో, వర్ణనలో, అరుపుల్లో ఎక్కడా "చావు", "బతికించు" రానివ్వకండి. పోరాటం వైపు ఎవరో తొందరలో రాసిన ఒక్క మాట మొత్తం సన్నివేశాన్ని తినేస్తుంది.

ఇలాంటిదే ఆబ్లివియన్ దారిదోపిడీ దొంగ. ప్లేయర్ స్థాయి పెరిగేకొద్దీ శత్రువుల సామగ్రి కూడా పెరిగేలా కట్టారు. ఫలితం, రాజులకి కూడా దొరకని గాజు కవచం తొడుక్కున్న దొంగ దారికడ్డంగా నిలబడి వంద నాణేలు అడుగుతాడు. ఆ కవచం అమ్ముకుంటే జన్మంతా కూర్చుని తినొచ్చు. కష్టం సమంగా ఉంచాలన్న లెక్క, ప్రపంచం గురించి కథ చెప్పిన మాటని కొట్టేసింది. స్థాయికి పైహద్దు పెట్టి, కొన్ని చోట్లు మొదటినుంచీ కఠినంగా వదిలేయడమే మేలు.

ఇక ఎవరి కళ్లు, ఎవరి చేతులు అన్న సంగతి. 1990 నాటి డ్రాగన్ క్వెస్ట్ 4 అయిదు అధ్యాయాలు. మొదటి నాలుగింటిలో ఒక్కో అధ్యాయం కథానాయకుణ్ని మీరే నడుపుతారు. అయిదో దాంట్లో అసలు హీరో వస్తాడు, పాతవాళ్లు ఒక్కొక్కరూ చేరతారు. కానీ యుద్ధంలో మీ మాట చెల్లేది హీరో ఒక్కడి మీదే, మిగతావాళ్లు సొంతంగా నిర్ణయించుకుంటారు. కథన దృక్కోణం లెక్కన ఇది చాలా నిజాయితీ గల నిర్ణయం. ఇప్పుడు "నేను" హీరోని, వాళ్లు వేరే మనుషులు. ఆచరణలో ఏమైంది? క్లిఫ్ట్ అనే పూజారి, వైద్యం చేయాల్సిన వేళ, పనిచేయనేచేయని బాస్‌ల మీద ప్రాణం తీసే మంత్రం వేస్తూ కూర్చునేవాడు. జపాన్‌లో అదొక హాస్యకథ అయిపోయింది. 2001లో మళ్లీ తయారుచేసినప్పుడు నేరుగా ఆజ్ఞాపించే వీలు పెట్టారు. ఆలోచన తప్పని నేననుకోను. నేస్తం సొంత బుద్ధితో పోరాడితే రెండు షరతులు: వాడు ఏం చేయబోతున్నాడో ముందు కనిపించాలి, ఫలానాది చేయకు అని చెప్పే వీలుండాలి.

2015లో వచ్చిన విచర్ 3లో దృక్కోణం మారినప్పుడు చేతులు కూడా మారతాయి. కథానాయకుడు గెరాల్ట్‌కి, అతను వెతుకుతున్న సిరి అనే అమ్మాయి గురించి ఎవరో చెబుతుంటే ఆ చెప్పేదాన్ని మనం సిరిగా ఆడతాం. సామాన్ల సంచీ లేదు, స్థాయి పెంచుకోవడం లేదు, మాయమై ఇంకోచోట తేలే శక్తి ఉంది. ఎవరో చెబుతున్న కథలో మనిషి ఎప్పుడూ కాస్త గొప్పగానే ఉంటుంది కదా. ఖర్చు గురించి కూడా ఆలోచించారు, ఆ భాగాలు చిన్నవి, కొత్త బటన్లు ఒకటి రెండే. 2010 నాటి నీర్ అంత ఖర్చు కూడా పెట్టలేదు. రెండోసారి ఆడితే అవే యుద్ధాలు, అదే కత్తి. ముఖ్యమైన తేడా ఏమిటంటే, ఇప్పుడు శత్రువుల మాటలు మనకి అర్థమవుతాయి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ చివర... "బాస్‌ని కష్టం చేయాలంటే ప్రాణం పెంచితే చాలదా?"

లెక్కేద్దాం. బాస్ ప్రాణం 600, మీ దెబ్బ 40. పదిహేను దెబ్బలు. నాలుగు సెకన్లకి ఒక సందు దొరికితే ఒక నిమిషం. బాస్‌కి అయిదు రకాల దాడులుంటే ఆ నిమిషంలో ఒక్కోటి మూడుసార్లు చూసేశారు. ప్రాణం 1200 చేస్తే రెండో నిమిషంలో కొత్తగా నేర్చుకునేది లేదు, ఓపిక పట్టడమే. దానికి బదులు, కుదురుకునే 40 ఫ్రేముల్ని 32 చేయండి. ఒక దెబ్బ ఇంకా పడుతుంది, తడబడే సందు పోయింది. ప్రాణం సగానికి పడ్డాక ఆరో దాడి ఒకటి బయటపెట్టండి. కత్తి ఎత్తే సమయం మాత్రం 30 కిందికి దించకండి. ఇంకోటి, బాస్ ముందు 40 సెకన్ల ఉపన్యాసం పెట్టేవాళ్లున్నారు. ఇరవైసార్లు ఓడితే 800 సెకన్లు, అంటే పదమూడు నిమిషాల పైన అదే వినాలి. మళ్లీ మొదలయ్యే చోటు ఆ ఉపన్యాసం తర్వాత పెట్టండి. రెండోసారి నుంచి అతను రెండు మాటలు అంటే చాలు: "మళ్లీ వచ్చావా?"